పిల్లలకు ఎదుటివాళ్ల తేడాలను గౌరవించడం నేర్పేదెలా: తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులకు వరుసగా

"బస్సులో మావాడు ఒకాయన్ని వేలెత్తి చూపించి గట్టిగా అడిగేశాడు, నాకు ఏం చెప్పాలో తోచలేదు." "బడిలో మా పాపను అరవమ్మాయి అని ఏడిపిస్తున్నారు, ఎవరితో మాట్లాడాలి?" "పనామెను మా పిల్లోడు అదీ ఇదీ అంటున్నాడు, ఎన్నిసార్లు చెప్పినా మానడు." తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నలివి. ఒక్కోదానికి విడిగా జవాబు చెప్పేకంటే మొదటి నుంచి ఏం చేయాలో వరుసగా రాయడమే మేలు.

పిల్లల్ని కూర్చోబెట్టి "అందరూ సమానమే" అని చెప్పడంతో ఈ పని కాదు. ఆ మాట నోటికి వస్తుంది, నడతలోకి రాదు. పనామెకు మనం ఏ గ్లాసులో టీ ఇస్తున్నామో, ఫోను పెట్టేశాక పక్కింటివాళ్లను ఏమంటున్నామో పిల్లలు గమనిస్తూనే ఉంటారు. అందుకే మొదటి పని పెద్దలది.

## 1. మొదలుపెట్టే ముందు: ఇంటి మాటను వారం రోజులు వినండి

ఈ వారం పిల్లలకు ఏమీ చెప్పకండి. ఇంట్లో పెద్దవాళ్ల మాటలు మాత్రం చెవిన పెట్టుకుని, ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. వినాల్సినవి ఇవి:

- ఒంటి తీరును బట్టి పెట్టే పేర్లు: నల్లోడు, బండది, కుంటోడు, నత్తోడు, మెల్లకన్నోడు.
- భాషను బట్టి: "అరవోళ్లు అంతే", "ఆ హిందీవాళ్లకు శుభ్రం ఉండదు".
- కులం పేరునో, తెగ పేరునో తిట్టుగా వాడటం. "ఏంరా, అట్లున్నావు" అని పిల్లాణ్ణి కసిరేటప్పుడు ఈ పేర్లు ఎక్కువగా దొర్లుతాయి.
- మతాన్ని బట్టి: "వాళ్లంతా ఒకటే".
- "ఆడపిల్లలా ఏడుస్తావేం?", "ఆడంగి వేషాలు".
- పనివాళ్లకు విడి గ్లాసు, విడి పళ్లెం, కింద కూర్చోబెట్టడం.

రాసుకున్నాక భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఏయే మాటలు మానాలో తేల్చుకోండి. అన్నీ ఒక్కసారి మానడం కుదరదు. ముందు రెండు ఎంచుకోండి: ఒంటి పేర్లు, కులం తిట్లు.

విడి గ్లాసు సంగతి మాత్రం ఆ రోజే తేల్చేయాలి. గట్టు మీద విడిగా బోర్లించిన ఆ స్టీలు గ్లాసు పిల్లలకు రోజూ చెప్పే పాఠాన్ని ఎన్ని నీతికథలూ చెరపలేవు. ఇంట్లోవాళ్లు తాగే గ్లాసులోనే ఆమెకూ ఇవ్వండి, కుర్చీ వేయండి. పిల్లలతో ఇదేదో గొప్ప పనిలా చెప్పకండి.

తర్వాత పిలుపు. తెలుగులో మర్యాద క్రియలోనే బయటపడుతుంది. "పనిది వచ్చింది" అనే ఇంట్లో పిల్లాడు "ఆమె వచ్చారు" అనడు. మన జిల్లాల్లో అన్నా, అక్కా, మామా, తాతా, అవ్వా అని వరస కలిపి పిలిచే అలవాటు ఎలాగూ ఉంది. ఆటో నడిపే ఆయనకూ, చెత్తబండితో వచ్చే ఆమెకూ, కొండకు దారి అడిగే యాత్రికులకూ అదే వరస వాడించండి. పేరు తెలిస్తే ఇంకా మంచిది. వీధి ఊడ్చే ఆమె పేరు పిల్లలకు తెలుసా? తెలియకపోతే ఈ వారమే వెళ్లి అడిగి రమ్మనండి.

## 2. వయసును బట్టి ఎంత చెప్పాలి

3 నుంచి 5 ఏళ్లు: ఈ వయసుకే రంగు, జుట్టు, బట్టల తేడాలు పిల్లల కంటపడతాయి. చూడటం తప్పు కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఒక్క వాక్యంలో చెబితే చాలు.

6 నుంచి 9 ఏళ్లు: జట్లు కట్టడం, పేర్లు పెట్టడం మొదలయ్యే వయసు. "నిన్ను అట్లా అంటే నీకెట్లా ఉంటుంది?" అనే ప్రశ్న ఇక్కడ పనిచేస్తుంది. కారణాలు చెప్పండి, కథలు చెప్పండి.

10 ఏళ్లు దాటాక: అన్యాయం గురించి నేరుగా మాట్లాడాలి. కులం, చట్టం, రిజర్వేషన్లు, వాట్సాప్‌లో వచ్చే ద్వేషపు మాటలు, అన్నీ. ఈ వయసులో మనం మౌనంగా ఉంటే ఫోను చెప్పేస్తుంది.

## 3. నలుగురిలో గట్టిగా అడిగినప్పుడు

పిల్లలకు అసలు పాఠం ఇక్కడే అందుతుంది. ఎక్కువమంది పెద్దలు పొరబడేదీ ఇక్కడే.

తిరుపతిలో ఇలాంటి సందర్భాలకు కొదవ లేదు. బర్డ్ ఆసుపత్రికి ఎముకలు, కీళ్లు, పోలియో సమస్యలతో ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. బస్టాండులో, రైల్వేస్టేషన్ ఎదుట విష్ణు నివాసం దగ్గర పది నిమిషాలు నిలబడితే నాలుగైదు భాషలు చెవిన పడతాయి. చంకకర్రలు, చక్రాల కుర్చీలు, బురఖాలు, తలపాగాలు అన్నీ కనబడతాయి.

పిల్లాడు అడుగుతాడు: "అమ్మా, ఆ అన్న కాలు ఎందుకట్ల ఉండాది?"

మన చేయి వెంటనే వాడి నోటి మీదికి పోతుంది. "ష్! అట్లా అడగకూడదు" అంటాం. దాంతో వాడికి రెండు సంగతులు అర్థమవుతాయి: ఆ కాలు సిగ్గుపడాల్సింది, ఆ మనిషికి దూరంగా ఉండాలి. వాడు అడిగింది కుతూహలంతో, మనం ఇచ్చింది వెగటు.

దానికి బదులు ఈ వరుస పాటించండి:

1. నోరు మూయకండి, నవ్వకండి, పిల్లాణ్ణి లాక్కుపోకండి. మామూలు గొంతుతోనే జవాబివ్వండి.
2. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "ఆ అన్న కాలికి బలం తక్కువ. నడవడానికి ఆ పట్టీ, కర్ర సాయం చేస్తాయి."
3. "పాపం" అనకండి. ఈ ఒక్క మాట ఎదుటి మనిషిని చిన్నబుచ్చుతుంది.
4. వేలు దించమనండి. "అడగొచ్చు. వేలు చూపించొద్దు, నా దగ్గరికొచ్చి మెల్లగా అడుగు."
5. ఆయన మనవైపు చూస్తే పలకరించండి. "నమస్తే అన్నా" అంటే చాలు. క్షమాపణలు కుప్పపోయకండి.
6. ఇంటికెళ్లాక మళ్లీ ఎత్తండి. "పొద్దున ఆ అన్న గురించి అడిగావు కదా, ఇంకేమైనా తెలుసుకోవాలా?"

జవాబు తెలియకపోతే ఊహించి చెప్పకండి. "నాకూ తెలీదు, ఆయన సొంత విషయం" అనడం కూడా మంచి జవాబే.

తరచూ వచ్చే ప్రశ్నలకు కొన్ని జవాబులు:

- *ఆ అక్క చేతుల మీద తెల్లమచ్చలేంటి?* "బొల్లి అంటారు. చర్మంలో రంగు తగ్గింది. ముట్టుకుంటే అంటుకోదు."
- *ఆమె ముఖం ఎందుకు కప్పుకున్నారు?* "వాళ్ల పద్ధతి. మన అవ్వ కొంగు కప్పుకుంటుంది కదా, ఒక్కొక్కరికి ఒక్కో అలవాటు."
- *ఆ చీర కట్టుకున్నది మగాయనా?* "ఆమె ట్రాన్స్‌జెండర్ అక్క. పుట్టినప్పుడు అబ్బాయి అనుకున్నారు, ఆమెకు తాను ఆడమనిషినని తెలుసు." పెద్ద పిల్లలకైతే 2014లో సుప్రీంకోర్టు వాళ్లకు చట్టపరమైన గుర్తింపునిచ్చిందని, 2019లో ప్రత్యేక చట్టం వచ్చిందని చెప్పండి.
- *ఆ పిల్ల ఎందుకట్లా అరుస్తోంది?* "కొందరికి ఎక్కువ చప్పుడు, వెలుతురు భరించడం కష్టం. మనం తేరిపార చూడకుండా దారి ఇద్దాం."

ఇంకొకటి, మన ఊళ్లో ప్రత్యేకంగా చెప్పాల్సింది. గుండ్లు చూసి చూసి తిరుపతి పిల్లలకు అలవాటే. అయినా ఏడో తరగతి అమ్మాయి సెలవుల తర్వాత గుండుతో బడికొస్తే ఏడిపిస్తారు. మొక్కు కావచ్చు, జబ్బుకు వాడిన మందుల వల్ల జుట్టు రాలి ఉండవచ్చు. కారణం చెప్పాల్సిన బాధ్యత ఆ అమ్మాయిది కాదని మన పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

## 4. వైకల్యం ఉన్నవాళ్లతో మెలిగే పద్ధతి

జాలి కథలు పక్కనపెట్టి పద్ధతి నేర్పండి. పిల్లలు దాన్ని ఇట్టే పట్టుకుంటారు.

- చూపు లేనివాళ్ల దగ్గరికి వెళ్లగానే మన పేరు చెప్పాలి. చేయి పట్టి లాగకూడదు. "సాయం కావాలా?" అని అడిగి, అవునంటే మన మోచేయి అందించాలి.
- వినబడనివాళ్లతో ముఖం కనబడేలా నిలబడి మాట్లాడాలి. వెనక నుంచి అరవకూడదు.
- చక్రాల కుర్చీని అడక్కుండా తోయకూడదు, దాని మీద వాలకూడదు.
- నత్తి ఉన్నవాళ్ల మాటను మనం పూర్తిచేయకూడదు. వాళ్లు ముగించేదాకా ఆగాలి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం, చదవడం, రాయడంలో వచ్చే అభ్యసన ఇబ్బందులు, తలసీమియా కూడా ఉన్నాయి. బయటికి కనబడని ఇబ్బందులూ ఉంటాయని పెద్ద పిల్లలకు చెప్పడానికి ఇది పనికొస్తుంది. చదవలేక తడబడే తోటిపిల్లను "మొద్దు" అనడం ఎందుకు తప్పో అప్పుడు తెలిసొస్తుంది.

కాణిపాకం వెళ్లినప్పుడు స్థలపురాణం చెబుతాం కదా. ముగ్గురు అన్నదమ్ములు, ఒకరికి చూపు లేదు, ఒకరికి వినికిడి లేదు, ఒకరికి మాట లేదు. బావి తవ్వుతుంటే పనిముట్టు రాయికి తగిలి నెత్తురు వచ్చింది, వినాయకుడు వెలిశాడు, వాళ్ల లోపాలు పోయాయి. మనం సాధారణంగా చివరి భాగానికి పరిగెత్తుతాం. ఈసారి మొదటి భాగం దగ్గర ఆగండి. "ముగ్గురూ కలిసి పొలం ఎట్లా చేసి ఉంటారు? వినబడని ఆయనకు చూపు లేని ఆయన ఏదైనా చెప్పాలంటే ఎట్లా?" అని అడగండి. పిల్లలు తాళ్లు, సైగలు, భుజం తట్టడాలు, ఎన్నో ఉపాయాలు చెబుతారు.

ఒక జాగ్రత్త. ఈ కథ విన్న పిల్లాడు "మా క్లాసులో రవికి దేవుడు ఎందుకు నయం చేయలేదు, పాపం చేశాడా?" అని అడగవచ్చు. "పూర్వజన్మ కర్మ" అనే మాట మీ ఇంట్లో ఉంటే ఈ రోజుతో ఆపండి. "రవికి నయం కావాల్సిన అవసరం లేదు. వాడికి కావాల్సింది బడి గేటు దగ్గర ర్యాంపు, పక్కన కూర్చునే స్నేహితుడు" అని చెప్పండి.

## 5. కలిసి పనిచేయించండి, చూపించి తీసుకురాకండి

పుట్టినరోజుకు అనాథాశ్రమానికో, అంధుల పాఠశాలకో పిల్లల్ని తీసుకెళ్లి కేకు పంచి, ఫొటోలు దిగి వచ్చేయడం మన దగ్గర బాగా పెరిగింది. మనసు మంచిదే. కానీ అక్కడ మన పిల్లలు ఇచ్చేవాళ్లు, ఆ పిల్లలు పుచ్చుకునేవాళ్లు. మన పిల్లలు నేర్చుకునేది తాము పైన ఉన్నామనే. దయచేసి ఇది మానండి.

మనుషుల మధ్య దురభిప్రాయం ఎప్పుడు తగ్గుతుందో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త 1954లోనే చెప్పాడు. ఇద్దరిదీ సమాన హోదా కావాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, కలిసి పనిచేయాలి, పెద్దల మద్దతు ఉండాలి. ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూసుకుని పని పెట్టండి. వీధి క్రికెట్ జట్టు, వినాయక చవితి పందిరి కట్టడం, అపార్ట్‌మెంటులో మొక్కల పెంపకం అన్నీ పనికొస్తాయి.

ఉపాధ్యాయులకు ఇంకా మంచి పద్ధతి ఉంది. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఎలియట్ అరాన్సన్ రూపొందించింది. పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కో పిల్లకు ఒక్కో ముక్క ఇస్తారు. మిగతావాళ్లకు ఆ ముక్క ఆ పిల్ల చెబితేనే తెలుస్తుంది. మన బడిలో ఇలా చేయవచ్చు:

1. నలుగురేసి జట్లు చేయండి. భాష, కులం, మతం, మార్కులు కలిసిపోయేలా మీరే ఎంపిక చేయండి. పిల్లలకు వదిలితే పాత స్నేహాలే జట్లవుతాయి.
2. పాఠం: శేషాచలం అడవి. 2010లో దీన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు.
3. ఒకరికి ఎర్రచందనం, చెట్లు. ఒకరికి దేవాంగ పిల్లి, బంగారు బల్లి వంటి జీవులు. ఒకరికి కపిలతీర్థం, తలకోన జలపాతాలు. ఒకరికి అడవులను, చెరువులను నమ్ముకుని బతికిన యానాదుల వంటి వాళ్లకు మూలికలు, చేపల గురించి ఉన్న తెలివిడి.
4. ఒకే ముక్క వచ్చిన పిల్లలు ముందు కలిసి చదువుకోవాలి. తర్వాత ఎవరి జట్టులోకి వాళ్లు వెళ్లి చెప్పాలి.
5. చివర అందరికీ అన్ని ముక్కల మీదా ప్రశ్నలు.

మొదటి రెండుసార్లు గోలగా ఉంటుంది. ఆపేయకండి. తడబడే పిల్లను విసుక్కుంటే తమకే నష్టమని పిల్లలకు తెలియడానికి కొంత సమయం పడుతుంది.

## 6. భాష, యాస, తిండి, మొక్కు

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటులో ఉండేది. కుప్పం, నగరి, సత్యవేడు వైపు ఇళ్లలో తమిళం వినబడటం వింతేమీ కాదు. అయినా "అరవ గోల" అని వెక్కిరింపు ఆగదు.

పిల్లలతో చేయించాల్సింది ఒకటే: పక్కింటి భాషలో పది వాక్యాలు నేర్పించండి. తమిళం, ఉర్దూ, కన్నడం, ఏదైనా సరే. నేర్పేది ఆ ఇంటి పిల్లలే కావాలి. తప్పు పలికి నవ్వించుకున్న పిల్లకు, పరాయి భాషలో తడబడటం ఎంత కష్టమో తెలుస్తుంది.

మన యాస సంగతీ ఇంతే. "ఉండాది", "యాడికి" అన్నందుకు కొత్త బడిలో మన పిల్లలు నవ్వులపాలైతే, వాళ్ల మాటను దిద్దకండి. "మన ఊరి మాట ఇది, పరీక్షలో పుస్తకం మాట రాద్దువు" అనండి.

తిండికి ఒకే నియమం: పక్కవాళ్ల పళ్లెం చూసి "ఛీ" అనకూడదు. గుడ్డు తినేవాళ్లను చూసి ముక్కు మూసుకోవడం, తిననివాళ్లకు మోసం చేసి తినిపించడం రెండూ తప్పే.

మతానికి: "మనం ఇట్లా మొక్కుతాం, వాళ్లు అట్లా మొక్కుతారు." దీనికి "కానీ" తగిలించకండి.

గంగమ్మ జాతరలో మగవాళ్లు చీరకట్టుతో వస్తారు, బూతులు తిట్టడమూ ఆచారంలో భాగమే. ఆ మాటలు ఇంటికి తెస్తే "అవి జాతరలో అమ్మవారి ముందు మొక్కు. మనుషుల్ని తిట్టడానికి కాదు" అని గీత గీయండి. చీర కట్టిన మగవాళ్లకు అక్కడ దణ్ణం పెట్టే పిల్లాడు, బడిలో ముగ్గులేసే అబ్బాయిని ఆడంగి అంటే, రెండూ పక్కపక్కన పెట్టి అడగండి. వాడే ఆలోచిస్తాడు.

## 7. కులం గురించి

"మీరేంటోళ్లు?" అని మన పిల్లల్ని ఎవరో ఒకరు అడుగుతారు. "మా ఇంట్లో కులం పట్టించుకోం" అని చెప్పి ఊరుకుంటే చాలదు. పట్టించుకోనవసరం లేని స్థితి అందరికీ లేదు.

10 ఏళ్లు దాటిన పిల్లలకు ఈ వరుసలో చెప్పండి. ముందు జరిగినది: బావి, గుడి, బడి కొందరికి మూసి ఉండేవి. తర్వాత చట్టం: రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దుచేసింది, 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఆ తర్వాత ఈనాటి సంగతి: పెళ్లి సంబంధం, అద్దె ఇల్లు, పేరు చివరి మాట. రిజర్వేషన్ల ప్రస్తావన వస్తే ఈ మూడూ చెప్పాకే మాట్లాడండి.

అగ్రకులం ఇల్లయితే మీ తాతల కాలంలో ఇంట్లో ఏం జరిగేదో దాచకుండా చెప్పండి. అవమానం భరించిన ఇల్లయితే చెప్పాల్సింది వేరు. సిగ్గుపడాల్సింది అవమానించినవాళ్లేనని, మన పెద్దవాళ్లు దాన్ని ఎట్లా ఎదుర్కొన్నారో చెప్పండి. బడిలో ఎవరైనా అంటే వెంటనే ఇంట్లో చెప్పాలని, చెబితే మనం నమ్ముతామని పిల్లలకు తెలియాలి.

"మీరేంటోళ్లు?" అన్నదానికి పిల్లలు ఇవ్వగల జవాబు: "ఎందుకడుగుతున్నావు?" అంతకంటే ఎక్కువ చెప్పాల్సిన పని లేదు.

## 8. మన పిల్లే ఏడిపించిందని తెలిస్తే

1. టీచరు మాటను కొట్టిపారేయకండి. "మా పాప అట్లాంటిది కాదు" అనే వాక్యం మింగేయండి.
2. కొట్టకండి. ఏం అన్నది, ఎవరెవరు ఉన్నారు, తర్వాత ఏం జరిగింది, నెమ్మదిగా వినండి.
3. ఆ మాట ఎక్కడ నేర్చిందో అడగండి. జవాబు మన ఇల్లే కావచ్చు.
4. బలవంతపు "సారీ" వద్దు. అందరి ముందు అని ఉంటే అందరి ముందే దిద్దుకోవాలి. వెక్కిరింపు పేరు పెట్టి పిలిచి ఉంటే అసలు పేరుతో పిలవాలి, ఆటలో చేర్చుకోకపోతే చేర్చుకోవాలి.
5. వారం తర్వాత అవతలి పిల్ల తల్లిదండ్రులను మీరే అడగండి.

మన పిల్లనే ఏడిపిస్తుంటే తేదీ, మాట, చోటు రాసిపెట్టుకుని తరగతి టీచరును కలవండి, కదలిక లేకపోతే రాతపూర్వకంగా హెడ్‌మాస్టరుకు ఇవ్వండి. "నువ్వు పట్టించుకోకు" అని మాత్రం పిల్లకు చెప్పకండి.

పక్కన నిలబడి చూసే పిల్లలకు ఒక వాక్యం కంఠతా పట్టించండి: "అట్లా అనొద్దు, రా మనం పోదాం." తిట్టినవాడితో తగవు పెట్టుకోనక్కర లేదు, ఏడిపించబడిన పిల్ల చేయి పట్టుకుని తీసుకొచ్చేస్తే చాలు.

## 9. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే

అవ్వ, తాత పాత పద్ధతిలోనే మాట్లాడతారు. పిల్లల ముందు వాళ్లను నిలదీస్తే పిల్లలు నేర్చేది పెద్దవాళ్లను కించపరచడం.

విడిగా, భోజనాలయ్యాక, నెమ్మదిగా అడగండి: "అమ్మా, పిల్లకాయలు వింటున్నారు, ఆ మాట వాళ్ల ముందు వద్దు." నమ్మకం మార్చుకోమని కాదు, మాట ఆపమని అడగండి. ఎక్కువమంది దీనికి ఒప్పుకుంటారు.

ఆపినా మళ్లీ జారితే, అవ్వ వెళ్లాక పిల్లలతో ఇలా అనండి: "అవ్వ చిన్నప్పుడు అందరూ అట్లా అనేవాళ్లు. మనం ఇప్పుడు అట్లా అనం. అవ్వంటే మనకు ఇష్టమే, ఆ మాట మాత్రం వద్దు."

విడి గ్లాసు విషయంలో సర్దుబాటు లేదు. అవ్వ వంటగదిలో ఉన్నా, పనామెకు టీ మీరే మీ గ్లాసులో పోసి చేతికివ్వండి.